గిరణ్‌గావ్: ఒక్క మాట మారిస్తే ఎన్ని ఎకరాలు?

ఆఫీసు పని మీద మొదటిసారి బొంబాయి వెళ్ళినప్పుడు క్లయింటు ఆఫీసు లోయర్ పరేల్లో. (ముంబయి అనాలని తెలుసు. మా ఇంట్లో అందరూ బొంబాయి అనే అంటారు కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను.) అద్దాల బిల్డింగు, కింద కాఫీ షాపు, ఆ కాఫీ ధరకి మా వూళ్ళో రెండు పూటలా భోజనం చెయ్యొచ్చు. పార్కింగు పక్కన మాత్రం ఒక పాత ఇటుకల పొగగొట్టం, చుట్టూ లైట్లు పెట్టి ఉంది. ఏదో డెకరేషన్ అనుకున్నా. సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి లోయర్ పరేల్లో ఉన్నానని చెప్తే నాన్న ఒక్క క్షణం ఆగి, "మీ బొంబాయి తాత చేసింది ఆడ్నే గదరా" అన్నాడు.

బొంబాయి తాత అంటే మా తాతకి సొంత అన్న. మాది సిరిసిల్ల వైపు, పద్మశాలీలం. మా వైపు ప్రతి రెండో ఇంట్లో ఒక బొంబాయి తాతో, భీవండి మామో, షోలాపూర్ చిన్నాయనో ఉంటారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మగ్గం పని తెలిసినవాళ్ళు నిజాం కాలం నుంచే బొంబాయి మిల్లులకి పోయేవాళ్ళు. అంతకు ముందే రాళ్ళు కొట్టటానికి, ఇళ్ళు కట్టటానికి పోయిన తెలుగు కామాఠీల పేరు మీదే కామాఠీపుర వచ్చింది. అదేదో ఇంకో రకంగా ఫేమస్ అయిపోయింది గానీ, ఆ పేరు మనవాళ్ళదే.

ఆ పొగగొట్టం నన్ను కొన్నాళ్ళు వదల్లేదు. ఆఫీసులో పని లేనప్పుడు (మేనేజర్లు ఎవరైనా చదువుతుంటే: ఉన్నప్పుడు కూడా) ఆ మిల్లు భూముల చరిత్ర చదువుతూ వచ్చాను. చదివే కొద్దీ నాకు తెలిసిన ఒక బగ్ కథలా అనిపించింది. స్పెక్‌లో ఒక డెఫినిషన్ మారింది. దాన్ని నమ్ముకున్నవాళ్ళు అది మారినట్టు చూసుకోలేదు. చూసుకునేసరికి రిలీజ్ అయిపోయింది. తేడా అల్లా, ఇక్కడ పోయింది నడి బొంబాయిలో వందల ఎకరాలు.

ముందు కొంచెం పాత కథ. బొంబాయిలో మొదటి నూలు మిల్లు పెట్టిన మనిషి కావస్‌జీ నానాభాయ్ దావర్. 1854లో కంపెనీ పెడితే 1856లో తార్‌దేవ్‌లో మిల్లు నడవటం మొదలయింది. అమెరికా అంతర్యుద్ధం (1861-65) పుణ్యమా అని ఇక్కడి పత్తికి గిరాకీ పెరిగి బొంబాయి సేట్ల దగ్గర డబ్బు గుట్టలు పడింది. తర్వాత పరేల్, లాల్‌బాగ్, వర్లీ, దాదర్, శివ్‌డీ, బైకుల్లా... వరసగా మిల్లులే. మరాఠీలో గిరణీ అంటే మిల్లు. ఈ మొత్తం ప్రాంతానికి గిరణ్‌గావ్, అంటే మిల్లుల ఊరు, అని పేరు స్థిరపడింది. మిల్లు చుట్టూ చాళ్ళు, ఒక్కో చాల్లో వరసగా ఖోలీలు, ఒక్కో ఖోలీ ఒకటే గది. ఒకే గదిలో షిఫ్టుల వారీగా పడుకునేవాళ్ళట, పగటి షిఫ్టు వాడు లేస్తే రాత్రి షిఫ్టు వాడు అదే చాప మీద. పొద్దున్నే మిల్లు భోంగా మోగితే ఊరంతా లేవాల్సిందే. మా తాత సిరిసిల్ల తిరిగొచ్చాక కూడా చాలా ఏళ్ళు అదే టైముకి లేచి కూర్చునేవాడని మా పెద్దబాపు చెప్తాడు.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మె మొదలయింది. సుమారు రెండున్నర లక్షల మంది. జీతాలు, బోనసు ఒక సంగతైతే, చట్టం గుర్తించిన ఒకే ఒక్క యూనియన్‌ని కార్మికులు నమ్మకపోవటం రెండో సంగతి. 1946 నాటి బొంబాయి చట్టం ప్రకారం యజమానులు ఆ గుర్తింపు ఉన్న యూనియన్‌తోనే మాట్లాడాలి. మాట్లాడాల్సినవాడితో జనం లేరు, జనం ఉన్నవాడితో మాట్లాడటానికి లేదు. ఆ సమ్మె ఈ రోజుకీ లాంఛనంగా ఎవరూ విరమించలేదు, అలా కరిగిపోయిందంతే. ఆ లోపల బట్ట నేసే పని భీవండి లాంటి చోట్ల పవర్‌లూములకి పోయింది. మా తాత ఏడాదిన్నర చూసి, ట్రంకుపెట్టె సర్దుకుని ఊరికొచ్చి సాంచాల మీద పనికి చేరాడు. అక్కడ మిల్లులో టికెట్ నంబరున్న కార్మికుడు, ఇక్కడ ఆసామి దగ్గర పీసు లెక్కన కూలీ.

ఇక అసలు విషయానికొస్తే, ఈ మిల్లులన్నీ ప్రైవేటువి కావు. నష్టాల్లో పడ్డ మిల్లుల్ని 1974లో కేంద్రం జాతీయం చేసి నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్‌కి (ఇక మీదట ఎన్‌టీసీ) ఇచ్చింది. సమ్మె తర్వాత 1983లో బొంబాయిలో ఇంకో పదమూడు మిల్లుల యాజమాన్యాన్ని తీసుకుంది. అలా నగరంలోని 58 మిల్లుల్లో 25 ఎన్‌టీసీ చేతిలోకొచ్చాయి. 58 మిల్లుల కింద మొత్తం భూమి సుమారు 600 ఎకరాలు. దక్షిణ బొంబాయికీ శివార్లకీ మధ్యలో, రెండు లోకల్ రైలు లైన్ల పక్కన, అంత భూమి ఖాళీ అవటం ఏ నగరానికైనా వందేళ్ళకోసారి వచ్చే అవకాశం. అందులో పెద్ద భాగం అక్షరాలా ప్రజల ఆస్తి. కొన్ని ప్రైవేటు మిల్లులది కూడా ఒకప్పుడు లీజుకి, నామమాత్రపు అద్దెకి ఇచ్చిన భూమే.

ఈ భూమి ఇండస్ట్రియల్ జోన్‌లో ఉండేది, వేరే పనికి వాడటానికి లేదు. 1991లో వచ్చిన నగర అభివృద్ధి నియంత్రణ నిబంధనల్లో 58వ నిబంధన మొదటిసారి తలుపు తెరిచింది. డీసీఆర్ 58 అంటారు దాన్ని. సారాంశం చాలా సింపులు. మిల్లు మూతపడితే, భూమిని వేరే రకంగా కట్టుకోవాలంటే, మూడు వాటాలు వెయ్యాలి. సుమారుగా ఒక వాటా మునిసిపల్ కార్పొరేషన్‌కి, పార్కులూ ఆటస్థలాల లాంటి వాటికి. ఒక వాటా రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడాకి, సామాన్యుల ఇళ్ళకి. మిగతా వాటా యజమానికి, అమ్ముకున్నా సరే. మిల్లు సైజుని బట్టి శాతాలు కొంచెం అటూ ఇటూ మారతాయి గానీ లెక్క మూడోవంతే అనుకోండి. పెద్ద ఆదర్శవాదుల మాట కాదిది, మంచి బేరం. నీకు ఇండస్ట్రియల్ భూమి మీద వ్యాపార విలువ ఇస్తున్నాం, బదులుగా రెండు వంతులు ఊరికి ఇవ్వు, అని.

ఐతే ఆ నిబంధనలో ఒక సందుంది. ఉన్న షెడ్లని కూలగొట్టకుండా లోపల లోపల మార్చుకుంటే వాటా ఇవ్వక్కర్లేదు. దాంతో తొంభైల్లో చాలామంది యజమానులు కదల్లేదు. షెడ్లలో ఆఫీసులు, షోరూములు, స్టూడియోలు, ఒక చోట బౌలింగ్ ఆలీ కూడా వచ్చాయి. పదేళ్ళలో ఊరికి దక్కిన భూమి దాదాపు ఏమీ లేదు.

ఈ మధ్యలోనే, 1996లో, రాష్ట్ర ప్రభుత్వం ఆర్కిటెక్టు చార్లెస్ కొరియా అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. మిల్లు భూముల్ని ఏం చెయ్యాలో చెప్పమని. ప్రైవేటు యజమానులు తమ కాంపౌండుల్లోకి రానివ్వకపోవటంతో వాళ్ళు ఎన్‌టీసీ మిల్లులకే పరిమితమయ్యారు. ఆ నివేదికలో నాకు నచ్చిన విషయం ఒకటుంది. ప్రతి మిల్లులోనూ విడివిడిగా మూడోవంతు కోస్తే ఊరికి దొరికేవి ముక్కలు, ఎక్కడో వెనక మూల, రోడ్డు కూడా లేని చోట. అలా కాకుండా 25 మిల్లుల్నీ ఒకే లెక్కగా చూస్తే, ఒక మిల్లు మొత్తం పార్కు చెయ్యొచ్చు, ఇంకోటి మొత్తం ఇళ్ళు కట్టొచ్చు, స్టేషను పక్కది ఆఫీసులకి అమ్మి ఆ డబ్బుతో కార్మికుల బాకీలు తీర్చొచ్చు. పరేల్, ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్లు రెండు వేర్వేరు రైల్వేలవి, పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండిటి దగ్గర జనం నడవటానికి పెద్ద ఖాళీ స్థలం, వెడల్పు దారులు వదలాలని గీశారు. ఆ రెండు స్టేషన్ల పేర్లు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాయి.

నివేదిక అల్మారాలోకి పోయింది.

అప్పటికే కార్మికులు వట్టి జీతాల గొడవ దాటి భూమి దాకా వచ్చారు. 1989లో దత్తా ఇస్వల్కర్ అనే మిల్లు కార్మికుడు మూతపడ్డ మిల్లుల కార్మికుల సంఘర్ష సమితి మొదలుపెట్టాడు. దత్తా సామంత్ లాంటి మాస్ లీడరు కాదు, మెత్తని మనిషి అంటారు. కానీ "మిల్లు పోతే పోయింది, ఆ నేల మీద మాకో ఇల్లు కావాలి" అన్న డిమాండుని ముప్పై ఏళ్ళు ఒంటిచేత్తో పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. 2021లో పోయాడు. వాళ్ళతో పాటు ఆర్కిటెక్టులు, జర్నలిస్టులు, కాలేజీ పిల్లలు కలిసి మ్యాపులు గీయటం, ఏ మిల్లులో ఎంత భూమి ఉందో లెక్కలు తీయటం చేశారు. మీనా మీనన్, నీరా అడార్కర్ కలిసి వందమంది దాకా గిరణ్‌గావ్ మనుషుల మాటల్ని రికార్డు చేసి 2004లో పుస్తకం వేశారు. ప్లానింగులో ప్రజల భాగస్వామ్యం అని ఇప్పుడు పెద్ద పెద్ద కన్సల్టెంట్లు స్లైడ్లేసి చెప్పేది, వీళ్ళు చాళ్ళ వరండాల్లో చేశారు.

ఇక బగ్ దగ్గరికొద్దాం. 2001 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం డీసీఆర్ 58ని సవరించింది. పైకి చెప్పిన కారణం సమంజసమే. పాత నిబంధన కింద ఎవరూ ముందుకు రావట్లేదు, కార్మికులకి బాకీలు అందట్లేదు, కాబట్టి యజమానులకి కొంచెం వెసులుబాటు ఇద్దాం. మూడు వాటాలు అలాగే ఉన్నాయి. పేపర్లో హెడ్డింగు చదివినవాడికి ఏమీ మారినట్టు అనిపించదు. మారింది, మూడు వాటాలు దేన్ని వెయ్యాలి అన్నది. ఇంతకు ముందు మొత్తం భూమి. ఇప్పుడు "ఖాళీ భూమి". అంటే షెడ్లు, బిల్డింగులు లేని జాగా మాత్రమే. షెడ్ల కింద ఉన్న నేల లెక్కలోకి రాదు, పైగా ఆ షెడ్లని కూలగొట్టి అంత నిర్మాణమూ మళ్ళీ టవరుగా లేపుకున్నా వాటా ఇవ్వక్కర్లేదు.

నూలు మిల్లు ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి ఇందులో మతలబు వెంటనే అర్థమవుతుంది. నేత ఖాతా అంటే పొడుగ్గా, నేల మీద పరుచుకున్న షెడ్డు. కాంపౌండులో సగానికి పైగా కప్పే ఉంటుంది. ఉదాహరణకి ఒక మిల్లు తొమ్మిది ఎకరాలు అనుకుందాం (లెక్క కోసం నేను అనుకున్న అంకె). అందులో ఆరెకరాలు షెడ్లు. 1991 లెక్కన ఊరికి మూడు, ఇళ్ళకి మూడు, యజమానికి మూడు. 2001 లెక్కన ముందు ఆరెకరాలు పక్కన పెట్టేయాలి. మిగిలిన మూడిట్లో ఊరికి ఒకటి, ఇళ్ళకి ఒకటి, యజమానికి ఒకటి. అంటే యజమాని వాటా మూడు నుంచి ఏడయింది. ఫార్ములా అదే, శాతాలు అవే, వేరియబుల్ ఒక్కటే వేరు. కోడ్ రివ్యూలో ఇలాంటిది నా కంటపడకుండా ఎన్నిసార్లు పోయిందో నాకు తెలుసు కాబట్టి అప్పటి జనాన్ని తప్పుపట్టలేను.

చట్టం ప్రకారం ఇలాంటి సవరణకి ముందు ప్రజల అభ్యంతరాలు, సలహాలు అడగాలి. 1966 నాటి మహారాష్ట్ర టౌన్ ప్లానింగ్ చట్టం 37వ సెక్షన్‌లో ఉంది ఆ మాట. అడగటమంటే నోటీసు ఇచ్చి, గడువు పెట్టటం. ఖోలీలో కూర్చుని పీఎఫ్ ఎప్పుడొస్తుందా అని చూసేవాడు గెజెట్ చదివి, "ఖాళీ భూమి అనగా" అన్న వివరణలో మెలిక పట్టి, దాని మీద అభ్యంతరం రాసి పంపాలన్నమాట. భాగస్వామ్యం అనే మాటకి కాగితం మీద లోటేమీ జరగలేదు.

2002లో ఎన్‌టీసీ పునరుద్ధరణ పథకం ఆమోదం పొందింది, కొన్ని మిల్లులు అమ్మి ఆ డబ్బుతో మిగతా మిల్లుల్ని నడపటం, కార్మికులకి స్వచ్ఛంద విరమణ డబ్బులివ్వటం దాని ఉద్దేశం. 2005లో బొంబాయిలో అయిదు మిల్లుల్ని అమ్మారు. ముంబయి టెక్స్‌టైల్ 702 కోట్లు, ఎల్ఫిన్‌స్టన్ 441, కోహినూర్ మూడో నంబరు 421, జూపిటర్ 276, అపోలో 180. మొత్తం రెండు వేల కోట్ల పైనే. ఆ డబ్బులోంచి కార్మికులకి విరమణ సొమ్ము అందిన మాట నిజం, అది చెప్పకపోతే అన్యాయం. కానీ సర్కారు సంస్థ, సర్కారు భూమి, కొరియా కమిటీ ప్రత్యేకంగా ప్లాన్ గీసిచ్చిన మిల్లుల కుటుంబంలోవి. ఎక్కువ పాట పాడినవాడికి విడివిడిగా పోయాయి.

అప్పుడు గానీ చాలామందికి 2001లో ఏం జరిగిందో తెలిసిరాలేదు. బాంబే ఎన్విరాన్‌మెంటల్ యాక్షన్ గ్రూప్ హైకోర్టుకెళ్ళింది. 2005 అక్టోబరులో హైకోర్టు, ఖాళీ భూమి అంటే కూలగొట్టాక ఖాళీ అయ్యే భూమి కూడా అని అర్థం చెప్పింది. అలా చదివితే పాత మూడోవంతు తిరిగొచ్చినట్టే. గిరణ్‌గావ్‌లో పండగ. అయిదు నెలల్లో, 2006 మార్చి 7న, సుప్రీం కోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. ఖాళీ అంటే ఇప్పుడు ఖాళీగా ఉన్నదే అని.

నాకు తీర్పు మీద కోపం కంటే తారీఖుల మీద బాధ ఎక్కువ. సవరణ 2001, కేసు 2005. ఆ నాలుగేళ్ళలో భూములు కొన్నవాళ్ళున్నారు, అప్పులిచ్చిన బ్యాంకులున్నాయి, కట్టటం మొదలుపెట్టినవాళ్ళున్నారు. ప్రొడక్షన్‌లో నాలుగేళ్ళు నడిచిన కోడ్‌ని వెనక్కి తిప్పటం ఎంత కష్టమో మనకి తెలియనిది కాదు.

ఇంకోలా జరిగే వీలుందా అంటే, దాదాపు అదే కాలంలో లండన్‌లో జరిగింది. థేమ్స్ నది దక్షిణ గట్టున కాయిన్ స్ట్రీట్ అని పదమూడు ఎకరాలు. అక్కడా ఫ్యాక్టరీలు, గోదాములు మూతపడ్డాయి, జనం ఖాళీ అవుతూ ఉన్నారు. డెవలపర్లు హోటలు, తర్వాత ఆఫీసు టవర్లు కడతామన్నారు. ఆ పేటలో మిగిలిన జనం 1977లో ఒక యాక్షన్ గ్రూపుగా ఏర్పడి ఊరికే వద్దు అనకుండా సొంత ప్లాన్ గీశారు. ఇళ్ళు, నదిగట్టున నడకదారి, పార్కు, చిన్న దుకాణాలు. రెండు బహిరంగ విచారణలు జరిగాయి, ఏళ్ళ తరబడి. చివరికి ప్రభుత్వం తమాషాగా రెండు ప్లాన్లకీ అనుమతిచ్చింది! కానీ సగం భూమి గ్రేటర్ లండన్ కౌన్సిల్ది, ఆ కౌన్సిల్ జనం వైపు తిరిగింది. 1984లో డెవలపర్లు విసిగి తమ వాటా కౌన్సిల్‌కి అమ్మేశారు.

ఇక్కడే నాకు బాగా నచ్చిన పాయింటు. పక్క పేటవాళ్ళు పెట్టుకున్న లాభాపేక్ష లేని కంపెనీకి ఆ భూమి మార్కెట్ ధరకి కొనే స్తోమత ఎక్కడిది? కౌన్సిల్ ఏం చేసిందంటే, భూమి వాడకం మీద షరతులు రాసేసింది. ఇళ్ళు, పార్కు, ఇలాంటివే కట్టాలి అని. ఆ షరతులుంటే ఆఫీసులు కట్టే వీల్లేదు, ఆఫీసులు కట్టే వీల్లేకపోతే భూమి విలువ పడిపోతుంది, పడిపోయిన ధరకి ఈ కంపెనీ కొనుక్కుంది. బొంబాయిలో ఒక మాట మార్చి ఊరి వాటా తగ్గిస్తే, అక్కడ నాలుగు మాటలు రాసి ధరనే తగ్గించారు. 1986లో ఆ కౌన్సిల్‌నే రద్దు చేశారు, అయినా రాసిన షరతులు ఉండిపోయాయి. 1988లో మొదటి సహకార గృహాలు పూర్తయ్యాయి, 1996లో పాత ఆక్సో టవర్ బిల్డింగుని బాగుచేసి మధ్యలో ఇళ్ళు, కింద షాపులు, పైన రెస్టారెంటు పెట్టారు. రెస్టారెంటు, షాపుల అద్దె పార్కు నిర్వహణకి పనికొస్తుంది. అదేమీ స్వర్గం కాదు. ఇప్పటిదాకా కట్టిన ఇళ్ళు 220 దాకానే, అంత గొడవకి ఇంతేనా అనేవాళ్ళు లండన్‌లోనే ఉన్నారు. పదమూడు ఎకరాలకీ ఆరు వందల ఎకరాలకీ పోలికా అని మీరూ అనొచ్చు. ఐనా ఆ నదిగట్టున నడవటానికి ఎవరూ టికెట్ అడగరు.

బొంబాయిలో జనం గెలిచినది అసలేమీ లేదా అంటే ఉంది. దాదర్‌లో చైత్యభూమి పక్కనే ఇందు మిల్లు, ఎన్‌టీసీదే, పన్నెండు ఎకరాల దాకా ఉంటుంది. 2011 డిసెంబరులో అంబేడ్కర్ అనుయాయులు ఆ కాంపౌండులోకి వెళ్ళి కూర్చున్నారు, స్మారకానికి ఈ జాగా ఇవ్వాలని. 2015లో అక్కడ స్మారకానికి శంకుస్థాపన జరిగింది. వాళ్ళు గెజెట్ నోటీసుకి జవాబు రాసి కూర్చోలేదు.

సుప్రీం తీర్పు తర్వాత జరిగింది లోయర్ పరేల్ వెళ్ళిన ప్రతి ఐటీ ఉద్యోగీ చూసే ఉంటాడు. ఆఫీసులు, మాల్స్, పబ్బులు. మిల్లుల్లో పనిచేసినవాళ్ళు దగ్గర్లోనే చాళ్ళలో ఉండి నడిచి పనికొచ్చేవాళ్ళు. కొత్త ఆఫీసుల వాళ్ళు రైలెక్కి వస్తారు. స్టేషన్లు మాత్రం అవే, వంతెనలూ మెట్లూ అవే. 2017 సెప్టెంబరు 29 పొద్దున, వానలో, ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్‌ని పరేల్‌తో కలిపే ఇరుకు వంతెన మెట్ల మీద తొక్కిసలాట జరిగి 23 మంది చనిపోయారు. చాలామంది ఆఫీసులకి పోతున్నవాళ్ళే. ఇరవై ఒక్క ఏళ్ళ ముందు కొరియా కమిటీ ఖాళీ స్థలం వదలమన్న చోటు అది. తర్వాత ఆర్మీని పిలిపించి కొత్త వంతెన కట్టించారు. ఆ తొక్కిసలాట జరిగి సరిగ్గా మూడు నెలలకి, డిసెంబరు 29న, కమలా మిల్స్ కాంపౌండులో పబ్బుల్లో మంటలు లేచి 14 మంది పోయారు. మిల్లు షెడ్ల మధ్య ఇరుకు సందుల్లో వందల మంది పార్టీ చేసుకునే చోటు అది. పార్కులు అనగానే మనం పిల్లల జారుడుబండలే ఊహించుకుంటాం. జనం ఊపిరి తీసుకునే జాగా ఎందుకో ఆ రెండు తారీఖులు చెప్తాయి.

మన దగ్గర మాత్రం తక్కువ తిన్నామా. వరంగల్‌లో 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు తర్వాత ఎన్‌టీసీ చేతికే వచ్చింది, 1990లో మూతపడింది. ఆ స్థలాలు ప్లాట్లయి అమ్ముడుపోయాయి. దాని కథ ఇంకోసారి రాస్తాను, దాని మీద నాకు చాలా కోపముంది, ఇందులో కలిపితే ఇది చెడుతుంది.

ఇళ్ళ సంగతి. మ్హాడాకి వచ్చిన ముక్కల్లో కట్టిన ఇళ్ళకి 2012లో లాటరీ తీశారు, 6,900 పైచిలుకు ఇళ్ళు. దరఖాస్తులు లక్షా నలభై వేలు దాటాయి. 2020 మార్చిలో బాంబే డైయింగ్, శ్రీనివాస్ మిల్లుల స్థలాల్లో కట్టిన 3,894 ఇళ్ళకి ఇంకోటి. 1982 జనవరి 1 నాటికి, ఆ తర్వాతా, మిల్లు రోల్సులో ఉన్నవాళ్ళు, వాళ్ళు పోతే వారసులు అర్హులు. మా తాత అర్హుడే. రుజువులు కావాలి: టికెట్ నంబరు, ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ కాగితం, సర్వీసు సర్టిఫికెట్, వీటిలో ఏదో ఒకటి. తాత ట్రంకుపెట్టెలో మిల్లు టికెట్టూ ఈఎస్ఐ కార్డూ రెండూ ఉన్నాయి, పాలిథిన్ కవర్లో చుట్టి, మధ్యలో నాఫ్తలీన్ గోళీ పెట్టి. ఆయనకి చదువు రాదు, కానీ ఏ కాగితం దాచుకోవాలో తెలుసు. ఆయన పోయాక పెద్దబాపు వారసుడిగా అప్లై చేశాడు. ఏ లాటరీలోనూ పేరు రాలేదు.

2024లో ప్రభుత్వం కొత్త పద్ధతి తెచ్చింది. మిగిలిన కార్మికులకి బొంబాయి బయట, కర్జత్ వైపు లైన్లో వాంగణీ, శేలూ దగ్గర ఇళ్ళు. వద్దన్నవాళ్ళ హక్కు పోతుందన్న షరతు కూడా పెట్టారని 2025 జూలైలో కార్మికులు, వాళ్ళ పిల్లలు ఆజాద్ మైదానంలో పెద్ద ఆందోళన చేశారు. డెబ్భై, ఎనభై ఏళ్ళవాళ్ళు, కర్రలు పట్టుకుని.

అది టీవీలో చూసి పెద్దబాపు ఫోన్ చేశాడు.

"అరేయ్, శేలూ అంట, ఏడుందిరా అది? నీ ఫోన్ల చూసి చెప్పు."

చూశాను. పరేల్ నుంచి లోకల్ రైల్లో రెండు గంటలకి దగ్గర దగ్గర పడుతుంది.

"మస్తు దూరముంది పెద్దబాపూ. బద్లాపూర్ కూడా దాటాలె."

"మరి బాపు చేసిన మిల్లు జాగల ఇప్పుడేమున్నది?"

నేను వెళ్ళిన క్లయింటు ఆఫీసు అదే కాంపౌండో, పక్కదో నాకు కచ్చితంగా తెలీదు. మిల్లు పేరు పెద్దబాపుకి తెలుసు, ఈఎస్ఐ కార్డు మీద ఉంది. నేను మ్యాపులో అది వెతకలేదింకా. ఆఫీసులున్నాయి పెద్దబాపూ అని చెప్పాను. పొగగొట్టం ఉందా అని అడిగాడు. ఉంది, లైట్లు పెట్టిన్రు అన్నాను.